ప్రత్యామ్నాయ ఎలక్ట్రానిక్ భాగాలు

ఒక ఎలక్ట్రానిక్ పరికరంలో తయారీదారు మొదట వాడిన భాగానికి బదులుగా అదే పని చేయగల వేరొక భాగాన్ని అమర్చినపుడు దానిని ప్రత్యామ్నాయ భాగం అంటారు. మరమ్మతు దుకాణాలలో దీనిని "ఈక్వివలెంట్" అని వ్యవహరిస్తారు. అసలు భాగం దొరకనపుడు, దొరికినా ధర ఎక్కువైనపుడు, లేదా దాని తయారీ పూర్తిగా నిలిచిపోయినపుడు ప్రత్యామ్నాయం కోసం వెతుకుతారు. ధర తగ్గినా నాణ్యత తగ్గకూడదంటే, ఆ భాగం ఆ సర్క్యూటులో నిజంగా ఏ భారాన్ని మోస్తున్నదో ముందుగా తెలియాలి. వోల్టేజి, విద్యుత్ ప్రవాహం, వేడి, వేగం, భద్రత అనే వాటిలో ఒకటో రెండో మాత్రమే సాధారణంగా కీలకమై ఉంటాయి. వాటి విషయంలో రాజీ పడకుండా, మిగిలిన వాటిలో పొదుపు చేయవచ్చు. ఏది కీలకమనేది సర్క్యూటును బట్టి మాత్రమే కాక ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది. ఎండ తీవ్రత, వోల్టేజి హెచ్చుతగ్గులు రెండూ ఉన్న పల్నాడు ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ.

చరిత్ర

ఒకే భాగాన్ని ఒకరికంటే ఎక్కువ మంది తయారీదారులు చేయడం ఎలక్ట్రానిక్ పరిశ్రమలో మొదటినుండీ ఉన్న పద్ధతి. ఒక్క కంపెనీ మీదనే ఆధారపడితే ఆ కంపెనీలో ఉత్పత్తి ఆగినపుడు కొనుగోలుదారు పని కూడా ఆగిపోతుంది. 1981లో వెలువడిన తన పర్సనల్ కంప్యూటరు కోసం ఇంటెల్ ప్రాసెసరును ఎంచుకున్న ఐబీఎం, దానికి రెండవ సరఫరాదారు కూడా ఉండాలని కోరింది. ఆ కారణంగా 1982లో ఇంటెల్, ఏఎండీల మధ్య ఒప్పందం కుదిరింది. సిగ్నెటిక్స్ సంస్థ 1972లో విడుదల చేసిన 555 టైమరును తరువాత అనేక కంపెనీలు తమ సొంత అక్షరాలను ముందు చేర్చి తయారు చేశాయి. ఎన్ఈ 555, ఎల్ఎం 555 అనేవి కాళ్ల అమరికలోను, పనిలోను దాదాపు ఒకటే. అయితే అదే వరుసలో కనిపించే 7555 సీమాస్ రకానికి చెందినది. అది చాలా తక్కువ విద్యుత్తు తీసుకుంటుంది కాని, పాత 555 లాగా 200 మిల్లీఆంపియర్ల వరకు ఇవ్వలేదు. కాబట్టి బ్యాటరీతో నడిచే గడియారపు సర్క్యూటులో అది మెరుగైన ప్రత్యామ్నాయం, నేరుగా రిలేను నడిపే సర్క్యూటులో పనికిరానిది.

భారతదేశంలో ప్రత్యామ్నాయ భాగాల అన్వేషణ ధరకంటే ముందు అవసరం వలన మొదలయింది. 1991 ఆర్థిక సంస్కరణలకు ముందు దిగుమతి లైసెన్సులు, విదేశీ మారకద్రవ్యపు కొరత వలన విదేశీ భాగాలు తెప్పించడం కష్టంగా ఉండేది. 1954లో బెంగుళూరులో స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్స్, 1964లో ఢిల్లీలో ప్రారంభమైన కాంటినెంటల్ డివైస్ ఇండియా వంటి సంస్థలు దేశీయంగా ట్రాన్సిస్టర్లు తయారు చేశాయి. 1967లో హైదరాబాదులో డాక్టర్ అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) లక్ష్యం కూడా విదేశీ పరికరాలకు స్వదేశీ ప్రత్యామ్నాయాలను రూపొందించడమే. ఆయన పేరు మీదనే హైదరాబాదులో ఏ.ఎస్.రావు నగర్ వెలసింది.

ఆ కాలపు గుర్తుగా ఎస్ఎల్ 100, ఎస్కే 100 అనే ట్రాన్సిస్టర్లు భారతీయ కళాశాలల ప్రయోగశాలలలోను, పాఠ్యపుస్తకాల సర్క్యూటులలోను చాలాకాలం నిలిచిపోయాయి. ఇతర దేశాల పట్టికలలో ఈ పేర్లు అరుదుగా కనిపిస్తాయి. వీటికి బదులు అదే లోహపు టోపీ ఆకారంలో ఉండే 2ఎన్ 2219, 2ఎన్ 2905 వాడవచ్చు. పుస్తకంలో ఉన్న పేరు దుకాణంలో దొరకలేదని ప్రాజెక్టు మానుకున్న విద్యార్థులకు ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే సరిపోయేది.

పల్నాడులో పరిస్థితులు

నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లా అంతకు ముందు గుంటూరు జిల్లాలో భాగం. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల ప్రాంతాలు సున్నపురాయి నేలలు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు, మాచర్ల సిమెంటు కర్మాగారానికి ప్రసిద్ధి. గురజాల, మాచర్లలకు సమీపంలోనే ఉన్న రెంటచింతల, వేసవిలో రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్లలో ఒకటి. అక్కడ పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటడం కొత్త కాదు. ఇది నీడలో కొలిచిన గాలి ఉష్ణోగ్రత. పొలంలో ఎండకు నిలబెట్టిన ఇనుప స్టార్టరు డబ్బా లోపల గాని, రేకుల గదిలో గోడకు తగిలించిన స్టెబిలైజరు లోపల గాని వేడి ఇంకా ఎక్కువగా ఉంటుంది.

మిరప, పత్తి పండించే ఈ ప్రాంతంలో సాగర్ కుడి కాలువ నీరు అందని పొలాలకు బోర్లే ఆధారం. మోటార్లన్నీ ఒకేసారి నడిచే వేళ వోల్టేజి పడిపోతుంది. అవి ఆగిన తరువాత అదే లైనులో ఉన్న ఇళ్లకు వోల్టేజి పెరుగుతుంది. 230 వోల్టులకు తయారైన పరికరం ఈ రెండింటినీ తట్టుకోవాలి. దీనికి తోడు సున్నపు ధూళి, సిమెంటు ధూళి సర్క్యూటు బోర్డుల మీద పేరుకుని వేడి బయటకు పోకుండా అడ్డుపడుతుంది, వానాకాలంలో తేమను పట్టి ఉంచుతుంది. చల్లని వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందించిన పరికరాలలోని అసలు భాగాలకంటే, మరమ్మతులో వేసిన ప్రత్యామ్నాయ భాగమే ఇక్కడ ఎక్కువకాలం నిలిచే సందర్భాలు ఉండటానికి కారణం ఇదే.

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు

మరమ్మతుకు వచ్చే పరికరాలలో తరచుగా పాడయ్యే భాగం ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు. అల్యూమినియం రేకుల మధ్య ద్రవంలో తడిపిన కాగితం ఉండటమే దీని బలహీనత. వేడికి ఆ ద్రవం నెమ్మదిగా ఆవిరవుతుంది. ద్రవం తగ్గేకొద్దీ కెపాసిటెన్సు తగ్గుతుంది, అంతర్గత నిరోధం పెరుగుతుంది, దానివలన మరింత వేడి పుడుతుంది.

కెపాసిటరు మీద మైక్రోఫారడ్లు, వోల్టులతో పాటు 85 డిగ్రీలు లేదా 105 డిగ్రీలు అని ముద్రించి ఉంటుంది. చాలామంది మొదటి రెండు అంకెలు చూసి మూడవదానిని వదిలివేస్తారు. పల్నాడులో మూడవదే ముఖ్యం. కెపాసిటరు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ దాని ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందని పరిశ్రమలో ఒక వాడుక సూత్రం ఉంది. బయట 45 డిగ్రీలు, డబ్బా లోపల అదనంగా 20 డిగ్రీలు ఉన్నాయనుకుంటే కెపాసిటరు 65 డిగ్రీల వద్ద పనిచేస్తుంది. 85 డిగ్రీల వద్ద 2,000 గంటలు అని పేర్కొన్న కెపాసిటరు అక్కడ నాలుగు రెట్లు, అంటే 8,000 గంటలు నిలుస్తుంది. నిరంతరం పనిచేస్తే ఇది సుమారు 11 నెలలు. 105 డిగ్రీల వద్ద అదే 2,000 గంటలు అని పేర్కొన్నది పదహారు రెట్లు, అంటే 32,000 గంటలు నిలుస్తుంది. ఇది మూడున్నర సంవత్సరాలకు పైమాట. చిన్న సైజులలో ఈ రెండు రకాల మధ్య ధర తేడా కొద్దిగానే ఉంటుంది. తక్కువ ధరలో నాణ్యత అనే మాటకు ఇంతకంటే తేలికైన ఉదాహరణ ఎలక్ట్రానిక్స్‌లో దొరకదు.

వోల్టేజి విషయంలో కూడా ఇటువంటి లెక్క ఉంది. 230 వోల్టుల ఏసీని డయోడ్లతో డీసీగా మార్చినపుడు కెపాసిటరు మీద శిఖర వోల్టేజి, అంటే 230కి 1.414 రెట్లు, సుమారు 325 వోల్టులు పడతాయి. అందువలన టీవీలు, చార్జర్లు, ఎల్ఈడీ బల్బులలో 400 వోల్టుల కెపాసిటరు వాడుతారు. లైను వోల్టేజి 276కు పెరిగితే ఈ అంకె 390కి చేరుతుంది. 290కి పెరిగితే 410 అవుతుంది, కెపాసిటరు హద్దు దాటిపోతుంది. అదే స్థానంలో 450 వోల్టుల కెపాసిటరు వేస్తే లైను 318 వోల్టుల వరకు పెరిగినా హద్దులోనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ అసలు భాగం కొలతలను యథాతథంగా పాటించడంకంటే ఒక మెట్టు పైకి వెళ్లడం మంచిది. బోర్డు మీద చోటు సరిపోతుందో లేదో మాత్రం చూసుకోవాలి. 450 వోల్టులది కొంచెం లావుగా ఉంటుంది.

స్విచింగ్ పవర్ సప్లైలలో మరొక గుణం కూడా కీలకం. అక్కడ కెపాసిటరు సెకనుకు వేల సార్లు నిండి ఖాళీ అవుతుంది కాబట్టి దాని అంతర్గత నిరోధం, అంటే ఈఎస్ఆర్, తక్కువగా ఉండాలి. మామూలు కెపాసిటరును అక్కడ వేస్తే మైక్రోఫారడ్లు, వోల్టులు సరిపోయినా కొద్ది నెలలలోనే ఉబ్బిపోతుంది. మెకానిక్కు "పాతదే వేశాను" అనడంలో అబద్ధం లేదు, కెపాసిటరు మీద ఆ గుణం ముద్రించి ఉండదు, డేటాషీటులోనే ఉంటుంది.

నాసిరకం కెపాసిటర్ల వలన ఎంత నష్టం జరుగుతుందో 1999 నుండి 2007 మధ్య ప్రపంచమంతటా కనబడింది. ఆ కాలంలో కొందరు తైవాన్ తయారీదారుల కెపాసిటర్లు వాడిన కంప్యూటర్ మదర్‌బోర్డులు, పవర్ సప్లైలు పెద్ద సంఖ్యలో పాడయ్యాయి. నీరు ఎక్కువగా ఉన్న ద్రవంలో అల్యూమినియంను కాపాడే రసాయనాలు సరిగా లేకపోవడంతో హైడ్రోజన్ వాయువు పుట్టి కెపాసిటర్లు ఉబ్బి పగిలాయి. కొత్తగా ఉన్నపుడు వాటిని మీటరుతో కొలిస్తే లోపమేమీ తెలియదు.

మోటారు కెపాసిటర్లు

సింగిల్ ఫేజు మోటార్లలోను, సీలింగ్ ఫ్యాన్లలోను, ఎయిర్ కూలర్లలోను ఉండే కెపాసిటర్లు వేరే జాతికి చెందినవి. ఇవి రెండు రకాలు. మోటారు తిరగడం మొదలుపెట్టేటపుడు కొద్ది సెకన్లు మాత్రమే పనిచేసేది స్టార్ట్ కెపాసిటరు. ఇది ఎలక్ట్రోలైటిక్ రకం, కెపాసిటెన్సు ఎక్కువ, ధర తక్కువ. మోటారు తిరుగుతున్నంతసేపూ లైనులో ఉండేది రన్ కెపాసిటరు. ఇందులో పాలీప్రొపిలీన్ పొర ఉంటుంది. రన్ కెపాసిటరు స్థానంలో స్టార్ట్ కెపాసిటరు వేస్తే కొద్దిసేపటిలోనే వేడెక్కి పేలిపోతుంది. అంకెలు సరిపోయినా ఇది ప్రత్యామ్నాయం కాదు.

డీసీ, ఏసీ తేడా కూడా ఇక్కడే ఎక్కువగా పొరపాటుకు దారితీస్తుంది. 440 వోల్టుల ఏసీ అని ఉన్నదానికి బదులు 450 వోల్టుల డీసీ అని ఉన్నది వేయరాదు. 440 వోల్టుల ఏసీ శిఖరం 620 వోల్టులు దాటుతుంది. అంతర్జాతీయ ప్రమాణాలలో మోటారు కెపాసిటర్లకు ఆయుష్షును బట్టి ఏ, బీ, సీ, డీ అని తరగతులు ఉన్నాయి. ఏ తరగతికి 30,000 గంటలు, బీకి 10,000, సీకి 3,000, డీకి 1,000 గంటలు. ఈ అక్షరం కెపాసిటరు మీద ముద్రించి ఉంటుంది. ఏడాదిలో కొన్ని నెలలు, రోజుకు కొన్ని గంటలు మాత్రమే తిరిగే కూలరుకు బీ తరగతి సరిపోతుంది. ఏ తరగతికి ఎక్కువ ధర పెట్టనవసరం లేదు. పంటకాలమంతా తిరిగే పంపుకు సీ తరగతి కొనడం మాత్రం దండగ.

ఫ్యాను నెమ్మదిగా తిరుగుతున్నపుడు 2.5 మైక్రోఫారడ్ల కెపాసిటరుకు బదులు 3.15 వేయడం వాడుకలో ఉంది. వేగం కొంత పెరుగుతుంది, కాని వైండింగు కూడా మునుపటికంటే వేడెక్కుతుంది. పాత కెపాసిటరు బలహీనపడటం వలన వేగం తగ్గి ఉంటే కొత్త 2.5 తోనే అది తిరిగి వస్తుంది.

డయోడ్లు, ట్రాన్సిస్టర్లు

1ఎన్ 4001 నుండి 1ఎన్ 4007 వరకు ఉన్న ఏడు డయోడ్లు ఒక ఆంపియరు ప్రవాహాన్ని మోస్తాయి. 50 నుండి 1,000 వోల్టుల వరకు తట్టుకునే శక్తిలో మాత్రమే తేడా. ధరలో తేడా లేనంత తక్కువ కాబట్టి చిన్న పట్టణాల దుకాణాలలో 4007 ఒక్కటే ఉంచుతారు. మిగిలిన ఆరింటికీ అది నిస్సందేహమైన ప్రత్యామ్నాయం. అయితే ఇది 50 హెర్ట్జుల లైనుకు ఉద్దేశించిన నెమ్మదైన డయోడు. స్విచింగ్ పవర్ సప్లైలలో ఉండే ఎఫ్ఆర్ 107 లేదా యూఎఫ్ 4007 స్థానంలో దీనిని వేస్తే కరెంటును తగినంత త్వరగా ఆపలేక కాలిపోతుంది. యూఎఫ్ 4007 సుమారు 75 నానోసెకన్లలో ఆగుతుంది, ఎఫ్ఆర్ 107కు 500 నానోసెకన్లు పడుతుంది. బయటికి మూడూ ఒకే విధమైన నల్లని గొట్టాలు. వేగమైనది నెమ్మదైన దాని స్థానంలో పనిచేస్తుంది, నెమ్మదైనది వేగమైన దాని స్థానంలో పనిచేయదు.

ట్రాన్సిస్టర్ల పేర్లలో మూడు సంప్రదాయాలు ఉన్నాయి. 2ఎన్ తో మొదలయ్యేవి అమెరికా పద్ధతి, బీసీ, బీడీ, బీఎఫ్ తో మొదలయ్యేవి ఐరోపా పద్ధతి, 2ఎస్సీ, 2ఎస్ఏ వంటివి జపాను పద్ధతి. జపాను ట్రాన్సిస్టర్ల మీద తరచుగా ముందున్న 2ఎస్ ముద్రించరు. సీ 1815 అని కనబడితే అది 2ఎస్సీ 1815. ఐరోపా పద్ధతిలో మొదటి అక్షరం పదార్థాన్ని తెలుపుతుంది, ఏ అంటే జెర్మేనియం, బీ అంటే సిలికాన్. పాత రేడియోలలోని ఏసీ 128కి బదులుగా సిలికాన్ ట్రాన్సిస్టరు వేయాలంటే బయాసు రెసిస్టర్లను కూడా మార్చవలసి ఉంటుంది. అవి తెరుచుకోవడానికి కావలసిన వోల్టేజి వేరు కనుక నేరుగా వేస్తే శబ్దం వక్రీకరించబడుతుంది.

చిన్న సంకేతాల ట్రాన్సిస్టర్లలో గుణాలకంటే కాళ్ల అమరికే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బల్లపరుపు ముఖం మనవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే బీసీ 547కు ఎడమనుండి కలెక్టరు, బేసు, ఎమిటరు వస్తాయి. 2ఎన్ 3904కు ఎమిటరు, బేసు, కలెక్టరు వస్తాయి. సీ 1815కు ఎమిటరు, కలెక్టరు, బేసు వస్తాయి. మొదటి రెండింటిని ఒకదానికొకటి తిప్పి పెడితే చాలు, మూడవదానికి కాళ్లు మెలితిప్పాలి. బీసీ 547 గరిష్ఠంగా 100 మిల్లీఆంపియర్లు, 2ఎన్ 3904 గరిష్ఠంగా 200 మిల్లీఆంపియర్లు మోస్తాయి. ఇంతకంటే ఎక్కువ కావాలంటే అదే అమరికలో ఉన్న బీసీ 337 చవకగా దొరుకుతుంది. చివర ఉండే ఏ, బీ, సీ అక్షరాలు లాభాన్ని తెలుపుతాయి. స్విచ్చిగా వాడేటపుడు వాటిని పట్టించుకోనవసరం లేదు, ఆంప్లిఫయరులో చూడాలి.

నిజమైన ప్రత్యామ్నాయానికి చక్కని ఉదాహరణ చార్జర్లు, టీవీల పవర్ సప్లైలలో ఉండే పీసీ 817 అనే ఆప్టోకప్లరు. ఈఎల్ 817, ఎల్టీవీ 817 అనే పేర్లతో వేరే కంపెనీలు చేసేవి నాలుగు కాళ్ల అమరికలోను, 5,000 వోల్టుల విద్యుత్ బంధకంలోను దానికి సమానం. చివరి అక్షరం కూడా అదే వరుసలోనిదైతే ఆలోచించకుండా మార్చవచ్చు. ఇక రెసిస్టర్ల విషయంలో చెప్పవలసింది తక్కువ. కావలసిన విలువ లేకపోతే రెండింటిని వరుసగా గాని సమాంతరంగా గాని కలిపి తయారు చేసుకోవచ్చు, వాటేజి మాత్రం తగ్గకూడదు.

ఎల్ఈడీ బల్బు

చవకదనం, నాణ్యత రెండూ కలిసి వచ్చిన సందర్భం, విడిపోయిన సందర్భం రెండూ ఎల్ఈడీ బల్బులో కనిపిస్తాయి. 2014లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ ఎల్ఈడీ బల్బుల పంపిణీ ప్రారంభించినపుడు తొలిగా ఎంచుకున్న జిల్లాలలో అప్పటి గుంటూరు జిల్లా ఒకటి. పాత ఫిలమెంటు బల్బులు తీసుకుని ఇంటికి రెండు చొప్పున, బల్బు పది రూపాయలకు ఇచ్చారు. ఆ సంస్థ కొనుగోలు ధర 2014లో సుమారు రూ.310 ఉండగా 2016 నాటికి రూ.55 ప్రాంతానికి దిగింది. కోట్ల సంఖ్యలో ఒకేసారి కొనడం, కొలతలు, వారంటీ ముందే నిర్ణయించి టెండరు పిలవడం ఇందుకు ముఖ్య కారణాలు. అంటే ఇక్కడ ధర తగ్గినా షరతులు సడలలేదు.

బహిరంగ మార్కెట్టులో పోటీ వేరే మార్గంలో సాగింది. ఖర్చు తగ్గించడానికి ఇండక్టరు, ట్రాన్స్‌ఫార్మరు ఉన్న స్విచింగ్ డ్రైవరును తీసివేసి, ఎల్ఈడీలున్న అల్యూమినియం పలక మీదనే ఒక చిన్న లీనియర్ ఐసీని అమర్చే పద్ధతి వ్యాపించింది. 230 వోల్టులు నిలకడగా ఉన్నచోట ఇది తప్పేమీ కాదు. కాని లైను వోల్టేజి పెరిగినపుడు మిగిలిన వోల్టులన్నీ ఆ ఐసీలోనే వేడిగా మారతాయి. రాత్రి వోల్టేజి పెరిగే పల్లెలలో ఈ రకపు బల్బులు త్వరగా పోవడానికి కారణం ఎల్ఈడీల నాణ్యత ఒక్కటే కాదు.

పాడైన బల్బు తెరిచి చూస్తే ఒక ఎల్ఈడీ మీద నల్లని చుక్క కనబడుతుంది. వరుసలో ఒకటి తెగితే అన్నీ ఆరిపోతాయి కనుక ఆ ఒక్కదానిని తగరంతో కలిపివేయడం ఇప్పుడు అందరికీ తెలిసిన చిట్కా. బల్బు వెలుగుతుంది, కాని ఆ ఎల్ఈడీ మోసిన వోల్టేజి ఇప్పుడు డ్రైవరు మీద పడి దానిని మరింత వేడెక్కిస్తుంది. రెండవసారి, మూడవసారి అదే చేస్తే బల్బు ఎక్కువకాలం ఉండదు. పాత బల్బుల నుండి తీసిన ఎల్ఈడీని అక్కడ అతికించడం సరైన ప్రత్యామ్నాయమే గాని, ఒక జాగ్రత్త అవసరం. 2835 అనే ఒకే కొలతలో 3, 6, 9, 18 వోల్టుల ఎల్ఈడీలు ఉంటాయి, చూపుకు తేడా తెలియదు. వెలిగించి కొలిచిన తరువాతే వాడాలి.

విద్యార్థుల ప్రాజెక్టులు

నరసరావుపేట ఇంజనీరింగ్ కళాశాలలకు, 2016లో అక్కడ ప్రారంభమైన జేఎన్టీయూ కాకినాడ విశ్వవిద్యాలయ కళాశాలకు వచ్చే విద్యార్థులు ప్రాజెక్టులకు కావలసిన భాగాలను చాలావరకు ఆన్‌లైనులోను, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్లనుండీ తెప్పించుకుంటారు. ఆర్డుయినో బోర్డుల రూపకల్పన బహిరంగం కనుక ఇతరులు వాటిని తయారు చేయడం చట్టసమ్మతమే. ఆర్డుయినో అనే వ్యాపార చిహ్నం వేసుకోవడం మాత్రం కాదు. చవక బోర్డులలో యూఎస్‌బీ కోసం ఎఫ్టీ 232కు బదులు సీహెచ్ 340 అనే చైనా చిప్పును వాడుతారు. దీనికి సొంత పేరు, సొంత డ్రైవరు ఉన్నాయి కాబట్టి ఇది నిజాయితీగల ప్రత్యామ్నాయం. ఎఫ్టీ 232 పేరునే ముద్రించుకున్న నకిలీ చిప్పుల సంగతి వేరు. 2014 అక్టోబరులో విండోస్ ద్వారా వచ్చిన ఒక డ్రైవరు అటువంటి నకిలీలను గుర్తించి పనిచేయకుండా చేసింది. నిరసనలు వచ్చాక ఆ డ్రైవరును ఉపసంహరించారు. ఈలోగా తమ బోర్డులో నకిలీ ఉందని తెలియని వారు కూడా నష్టపోయారు.

2020 తరువాత వచ్చిన చిప్పుల కొరత కాలంలో ఎస్టీఎం 32 స్థానంలో జీడీ 32 వాడటం పెరిగింది. కాళ్ల అమరిక ఒకటే అయినా లోపలి వేగాలలో, అంతర్గత మెమరీ తీరులో తేడాలు ఉంటాయి. ప్రోగ్రాము అలాగే ఎక్కించి పరీక్షించకుండా వదిలేయరాదు.

వోల్టేజి తగ్గించే భాగంలో కూడా విద్యార్థులకు ఎంపిక ఉంది. 12 వోల్టుల నుండి 5 వోల్టులకు దించే 7805 రెగ్యులేటరు అర ఆంపియరు వద్ద మూడున్నర వాట్లను వేడిగా వృథా చేస్తుంది, దానికి అల్యూమినియం రేకు తగిలించాలి. ఎల్ఎం 2596 ఉన్న చిన్న బోర్డు అదే పనిని చాలా తక్కువ వేడితో చేస్తుంది. అసలు చిప్పు 150 కిలోహెర్ట్జుల వద్ద పనిచేస్తుంది, చవక బోర్డుల మీద దొరికే నకిలీలలో చాలావరకు అందులో మూడవ వంతు వేగంతో పనిచేస్తాయి. బోర్డుమీద ఉన్న కాయిల్ అంత తక్కువ వేగానికి చాలదు కనుక పూర్తి 3 ఆంపియర్లు ఆశించకూడదు. ఒక ఆంపియరు లోపు అవసరానికి అవి కూడా పనికి వస్తాయి.

నకిలీ భాగాలు

ప్రత్యామ్నాయం, నకిలీ ఒకటి కావు. తన పేరుతో తన గుణాలు చెప్పుకునేది ప్రత్యామ్నాయం. వేరొకరి పేరు, అంకెలు వేసుకున్నది నకిలీ. ఆంప్లిఫయర్లలో వాడే 2ఎస్సీ 5200, 2ఎస్ఏ 1943 జంట, పాత 2ఎన్ 3055 ఎక్కువగా నకిలీకి గురైనవి. పెద్ద ట్రాన్సిస్టరు కవచంలో చిన్న సిలికాన్ ముక్కను పెట్టి అమ్ముతారు. పెళ్లిపందిళ్లలో, తిరునాళ్లలో రాత్రంతా మోగే ఆంప్లిఫయరుకు ఇటువంటివి వేస్తే మొదటి రాత్రే కాలిపోవచ్చు. ఒకటి పోగానే దానితోపాటు లౌడ్‌స్పీకరు కూడా పోయే ప్రమాదం ఉంది. ఇటువంటి చోట అనుమానాస్పదమైన "అసలు" కంటే, తక్కువ పేరున్నా నమ్మకమైన కంపెనీ వారి సమాన ట్రాన్సిస్టరు మేలు.

గుర్తించడానికి కొన్ని మార్గాలు ఉన్నాయి. అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దితే పైన కొత్తగా రంగు వేసి అచ్చువేసిన భాగాల అక్షరాలు తరచుగా చెరిగిపోతాయి. ఒకే ప్యాకెట్టులోని భాగాల మీద తయారీ తేదీల సంకేతాలు వేరువేరుగా ఉంటే, లేదా కాళ్లకు పాత తగరం అంటి ఉంటే అవి పాత బోర్డుల నుండి తీసినవి. పవర్ ట్రాన్సిస్టరు బేసుకు, ఎమిటరుకు మధ్య కెపాసిటెన్సును నమ్మకమైన దానితో పోల్చి కొలిస్తే, చిన్న ముక్క ఉన్నదానిలో విలువ బాగా తక్కువగా వస్తుంది. డజను కొనేటపుడు ఒకదానిని పగులగొట్టి చూడటం వృథా ఖర్చు కాదు.

భద్రతా భాగాలు

కొన్ని భాగాలు సర్క్యూటును నడిపించడానికి కాక, అది పాడైనపుడు మనిషిని, ఇంటిని కాపాడటానికి ఉంటాయి. ఫ్యూజు స్థానంలో రాగి తీగ వేయడం అందరికీ తెలిసిన తప్పు. అంతగా తెలియనివి ఇంకా ఉన్నాయి. చార్జర్లలో లైనుకు వరుసగా ఉండే చిన్న రెసిస్టరు చాలాసార్లు ఫ్యూజుగా కూడా పనిచేసే రకం. లోపం వచ్చినపుడు మంట లేకుండా తెగడమే దాని పని, దానికి బదులు మామూలు కార్బన్ రెసిస్టరు వేస్తే అది నిప్పంటుకోవచ్చు.

లైను వోల్టేజి ఉప్పెనను అణిచే వారిస్టరు ఎంపికలో మాత్రం ప్రాంతాన్ని బట్టి మార్పు చేయవచ్చు. 14డీ 431 అని ఉన్నది 275 వోల్టుల ఏసీ వరకు నిరంతరం తట్టుకుంటుంది. వోల్టేజి తరచుగా ఆ దరిదాపులకు చేరే ఊళ్లలో అది అరిగిపోయి షార్టవుతుంది. 300 వోల్టుల 14డీ 471 అక్కడ ఎక్కువకాలం ఉంటుంది, రక్షణ కొద్దిగా తగ్గుతుంది. న్యూట్రల్ తీగ తెగి ఇంటికి 400 వోల్టుల దాకా వచ్చినపుడు రెండూ నాశనమవుతాయి. అయితే ముందు ఫ్యూజు ఉంటే అది తెగి మిగిలిన పరికరాన్ని కాపాడుతుంది.

ఎక్స్ 2, వై 1 లేదా వై 2 అని ముద్రించిన కెపాసిటర్లకు అదే ముద్ర ఉన్న కెపాసిటరే ప్రత్యామ్నాయం. ఎక్స్ 2 లైనుకు అడ్డంగా ఉంటుంది, దాని స్థానంలో 400 వోల్టుల మామూలు పాలియెస్టరు కెపాసిటరు వేస్తే షార్టయి మంటలు రావచ్చు. వై కెపాసిటరు చార్జరులో లైను వైపునకు, ఫోను వైపునకు మధ్య వంతెనగా ఉంటుంది, అది షార్టయితే ఫోను పట్టుకున్నవారికి లైను వోల్టేజి తగులుతుంది. అది లేకున్నా, దాని స్థానంలో రెండు రూపాయల మామూలు నీలిరంగు సిరామిక్ కెపాసిటరు ఉన్నా చార్జరు ఫోనుకు చార్జి ఎక్కిస్తూనే ఉంటుంది, వాడేవారికి తేడా తెలియదు. అసలు వై కెపాసిటరు కూడా చాలావరకు నీలిరంగు బిళ్లే కనుక రంగును బట్టి కాక, దాని మీద వై అక్షరంతో పాటు ముద్రించి ఉండే భద్రతా సంస్థల చిహ్నాలను బట్టి గుర్తించాలి.